మా వదిన పాఠానికి పిల్లలు అడ్డొచ్చారు

టీచరు కావడానికి పిల్లలతో పనేమిటండీ? నవ్వకండి! మా వదిన టీచర్ ట్రైనింగులో చేరిన నాటి నుంచి ఆ చదువును దగ్గరగా చూసినవాణ్ణి కనుక ఢంకా బజాయించి చెబుతున్నాను. పిల్లల బెడద లేకుండా పాఠం చెప్పడం నేర్పే శాస్త్రం అదొక్కటే. మనకు దక్కిన వరాల్లో దాన్ని మించింది లేదు.

టీచరవ్వాలన్నది వదినకు పెళ్ళికి ముందు నుంచీ ఉన్న కోరిక. సంసారం, పిల్లలు, అత్తగారి మోకాళ్ళ నొప్పులు, అన్నీ వరసగా అడ్డొచ్చాయి. ఇద్దరు పిల్లలూ బడికి వెళ్ళడం మొదలెట్టాక ఒకరోజు, "నేను ట్రైనింగులో చేరుతున్నా" అని ప్రకటించింది. అన్నయ్య తలూపాడు. ఈసారి కుదరకపోతే ఇక జన్మలో కుదరదని ఆవిడకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో కత్తెర కనబడితే ఒట్టు! ఎక్కడ చూసినా అట్టముక్కలు, రంగు కాగితాలు, జిగురు. భోజనాల బల్ల మీద రంగులేసిన అట్ట గ్రహాలు ఆరుతుంటే మేం నేల మీద కూర్చుని తిన్నాం. అన్నయ్య కొత్త బూట్ల పెట్టె అగ్నిపర్వతమైంది. బూట్లు పెట్టుకోవడానికి చోటేదని ఆయన అడగలేదు. మంచి మొగుడు.

అసలు మహత్తంతా లెసన్ ప్లాన్‌లో ఉంది. ఒక్క పిరియడ్ పాఠానికి చేంతాడంత ప్లాన్! పేజీకి ఎడమవైపు టీచరు ఏం అడగాలో రాయాలి. కుడివైపు పిల్లలు ఏం జవాబు చెబుతారో రాయాలి. మీరు సరిగానే చదివారు. పిల్లల మొహాలు చూడకముందే వాళ్ళ జవాబులు కూడా వదినే రాసేస్తుంది!

ఆ కుడివైపు కాపురముండే పిల్లలంత బుద్ధిమంతుల్ని నేనెక్కడా చూడలేదు. వాళ్ళలో ఒక్కడూ నీళ్ళు తాగొస్తాననడు. ఒక్కతీ పక్కదాని జడ లాగదు. ప్రతి పేజీ చివరా అందరూ ముక్తకంఠంతో "అర్థమైంది టీచర్" అంటారు. అలాంటి సంతానాన్ని దేవుడు వదినకు కూడా ఇవ్వలేదు, ఆవిడ పిల్లల్ని ఎత్తుకు తిరిగినవాణ్ణి గనుక నాకు తెలుసు.

ఈ శాస్త్రం వంటింట్లోకీ పాకింది. "ఈ భోజనం ముగిసేసరికి కుటుంబ సభ్యులు ఉప్పు తక్కువైన సంగతి గుర్తించి, నోరు మూసుకోగలుగుతారు" అనే లక్ష్యంతో వంట సాగేది. అన్నయ్య తన గ్లాసు తాను కడిగితే, "శభాష్! చక్కని ప్రయత్నం!" అని చప్పట్లు కొట్టేది. ఆయన ఉబ్బితబ్బిబ్బై మర్నాడు గిన్నెలన్నీ తోమేశాడు. ఇంతకంటే ఫలితం ఏ చదువులో ఉందో చూపించండి!

కాలేజీలో సాధన ఇంకా ముచ్చటగా ఉంటుంది. అక్కడ పిల్లలుండరు, తోటి ట్రైనీలే పిల్లల వేషం కడతారు. అంతకు ముందు బట్టల కొట్టు నడిపిన ఒక బట్టతలాయన బెంచీలో ఇరుక్కుని కూర్చుని, "టీచర్, సూర్యుడు రాత్రి ఎక్కడికెళ్తాడు?" అని ముద్దుగా అడుగుతాడు. ఏం అడగాలో ముందురోజే మాట్లాడుకుంటారు. ఇవాళ వదినకు ఆయన పిల్లాడైతే రేపు ఆయనకు వదిన పిల్ల. ఎంత సామరస్యం!

ఇంత చక్కని చదువు చివర ఒక చిక్కుంది. నిజం పిల్లలకు ఒక పాఠం చెప్పాలి. వెనక బెంచీలో ఎగ్జామినరమ్మ కూర్చుంటుంది. అది గట్టెక్కకపోతే సర్టిఫికెట్ రాదు. కానీ కాలేజీవాళ్ళు తక్కువ తిన్నారా? ట్రైనీలందర్నీ ఎప్పుడూ ఒకే బడికి, ఒకే తరగతికి పంపుతారు. ఆ పిల్లలు ఎంతగా ఆరితేరారంటే, చార్టు వంకరగా వేలాడితే వాళ్ళే లేచి సరిచేస్తారు. ఎగ్జామినర్ కనబడితే చాలు, అడక్కుండానే "అర్థమైంది టీచర్" అంటారు. మాణిక్యాలు!

వదిన పాఠం "సగం". పెద్ద కాగితం మడిచి చించి, "ఇది సగం" అంది. చిన్న కాగితం చించి, "ఇదీ సగమే" అంది. "అర్థమైంది టీచర్!" అని పైకప్పు అదిరింది. ఎగ్జామినరమ్మ టిక్కు పెట్టింది. వదిన చార్టు విప్పబోయింది.

అప్పుడు ఓ మూల నుంచి చెయ్యి లేచింది. ఆ వారమే బడిలో చేరిన పాప. పాపం, దానికింకా ట్రైనింగు అందలేదు!

"నాకు అర్థం కాలేదు టీచర్. రెండూ సగమే అన్నారు కదా, మరి ఒకటి అంత పెద్దగా ఉందేంటి?"

వదిన ప్లాన్ వంక చూసింది. కుడివైపు ఆ మాట లేదు. ఎగ్జామినరమ్మ వాచీ చూసుకుంది. "తర్వాత చెప్తాలే, కూర్చోమ్మా" అంటే పోయేది. ఇన్నేళ్ళ కోరిక అక్కడికక్కడే తీరిపోయేది. ఎవరైనా తప్పుపడతారా? నేనైతే పట్టను.

మా వదిన మొండిఘటం. చార్టు చుట్టి పక్కన పెట్టింది. "మీకందరికీ అర్థమైందన్నారుగా, ఈ అమ్మాయికి మీరే చెప్పండి" అని తరగతి వైపు తిరిగింది.

చార్టులు సరిచేసే వీరులంతా బల్లల కిందకు చూశారు. చివరికి ఒకడు నెమ్మదిగా, "మాక్కూడా అర్థం కాలేదు టీచర్" అన్నాడు. ఆ మాట అనొచ్చని తెలిసేసరికి తరగతంతా అందుకుంది! ఇక ప్లాన్ ఏమైందో అడక్కండి. కాగితాలు చించారు, ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు, వాదించుకున్నారు. గంట కొట్టే వేళకు ఆ పాపే గట్టిగా అరిచింది. "దేంట్లో సగమో చెప్పాలి టీచర్! అది చెప్పకపోతే ఎంతో తెలీదు!"

గదినిండా చిత్తుకాగితాలు. వదిన తనకిక సర్టిఫికెట్ రాదనుకుని చీపురందుకుంది. ఎగ్జామినరమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"చార్టు వాడలేదు. పాఠం సగంలో ఆగింది. ఏం మార్కులెయ్యమంటావమ్మా?"

"మీ ఇష్టమండీ. ఆ పిల్ల అడిగింది, వదిలెయ్యలేకపోయాను."

ఆవిడ వంగి ఒక చిత్తుకాగితం చేతిలోకి తీసుకుంది. "ఇన్నేళ్ళుగా ఈ బెంచీలో కూర్చుంటున్నా. పిల్లలకు అర్థమవుతుంటే చూడ్డం ఇదే మొదలు. దానికి మార్కులెయ్యడానికి నా షీట్లో చోటు లేదు" అని, బొటాబొటిగా పాస్ చేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇదంతా చెబుతూ వదిన ఏడ్చింది, నవ్వింది. అన్నయ్యకు చప్పట్లు కొట్టడం తప్ప ఇంకేం తోచలేదు. నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ నేను న్యాయంగా మాట్లాడేవాణ్ణి. కాలేజీవాళ్ళ గోడు కూడా వినాలి కదా! తర్వాత వెళ్ళిన ప్రతి ట్రైనీనీ ఆ పిల్లలు "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అని నిలదీస్తున్నారట. పాపం, కాలేజీవాళ్ళిప్పుడు ఇంకో బడి వెతుక్కుంటున్నారు. ఎన్నో ఏళ్ళు కష్టపడి తీర్చిదిద్దిన తరగతిని మా వదిన ఒక్క పిరియడ్‌లో పాడుచేసింది. అదిక ట్రైనింగుకు పనికిరాదు. పాఠాలు చెప్పుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు!