దూదిలో దాచిన పెద్దావిడ

చిలకలూరిపేటలో లక్ష్మీకాంత్‌లు ముగ్గురున్నారు. ఎరువుల కొట్టు లక్ష్మీకాంత్, ఎల్లైసీ లక్ష్మీకాంత్, ఎర్రకారు లక్ష్మీకాంత్. ఈ కథ మూడో లక్ష్మీకాంత్‌ది. మార్టూరులో అతనికి గ్రానైటు పాలిషింగ్ యూనిట్ ఉంది. అతను పాలిష్ పెట్టిన రాయిలో ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. అయినా ఊళ్ళో ఎవరూ రాళ్ళ లక్ష్మీకాంత్ అనలేదు. ఆ సంగతి నలుగురు కనబడిన చోటల్లా అతనే గర్వంగా చెప్పుకునేవాడు.

ఆ ఎర్రకారు రెండే సీట్ల స్పోర్ట్స్ కారు. పైకప్పు గుడ్డది. పెళ్ళికి రెండేళ్ళ ముందు మద్రాసు వెళ్ళి, అప్పటికే ఇద్దరి చేతులు మారినదాన్ని మనసుపడి కొనుక్కొచ్చాడు. స్టార్ట్ చేస్తే మూడు వీధుల అవతల నిద్రపోయే పిల్లలు లేచేవాళ్ళు. వాన పడితే బయటికంటే లోపలే ఎక్కువ పడేది.

పెళ్ళయ్యాక శివపార్వతిని పొదిలి నుంచి కాపురానికి తెచ్చిందీ ఆ కారులోనే. తోడు బయలుదేరిన అమ్మమ్మకి సీటు లేకపోయింది. ఆవిడ సారె సామాను లారీలో బిందెల మధ్య కూర్చుని వచ్చి, దిగీదిగగానే కారుని ఎగాదిగా చూసి, "మా పిల్లకంటే ముందే ఈ ఎర్రావిడ ఈ ఇంటికొచ్చినట్టుందే" అంది. ఆ రోజు నుంచి శివపార్వతి ఆ కారుని 'పెద్దావిడ' అనే పిలుస్తోంది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో పెద్దావిడకి ఆదివారం తలంటు తప్పలేదు. చిన్నావిడకి మాత్రం పండగలకి గుర్తొస్తేనే చీర.

అలాంటి లక్ష్మీకాంత్ విజయవాడ షోరూములో ఒక నీలం రంగు కారు చూసి వచ్చాడు. నేలకి జానెడెత్తు, రెండు తలుపులు, లోపల టీవీ అంత తెర. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు పొద్దున్నే కాఫీ తాగుతూ మెల్లగా కదిపాడు.

"పార్వతీ, కొత్తది ఒకటి తీసుకుందామనుకుంటున్నా."

"తీసుకోండి. మన కుక్కరు విజిల్ మానేసి ఆర్నెల్లయింది."

"కుక్కరు కాదు. కారు. మోడ్రన్ స్పోర్ట్స్ కారు."

"మీకు యాభై రెండు."

"దాని స్పీడుకి అడ్డేమీ కాదుగా."

శివపార్వతి కాఫీ గ్లాసు కింద పెట్టింది. "సరే. పెద్దావిడని పంపించేసి తెచ్చుకోండి."

"రెండూ ఉంటే ఏం?"

"షెడ్డు ఒకటే ఉంది. నా ఓపికా ఒకటే ఉంది. కొత్తది ఈ గేట్లోకి రావాలంటే పాతది ఆ గేట్లోంచి పోవాలి. మాటివ్వండి."

లక్ష్మీకాంత్ మాటిచ్చాడు. ఎక్స్ఛేంజిలో ఇచ్చేస్తానన్నాడు. నమ్మకం కోసం కారు పేరు మార్పిడి ఫారాల మీద ఆవిడ ఎదుటే సంతకాలు కూడా పెట్టాడు. కొనేవాళ్ళ పేరు దగ్గర ఖాళీ వదిలి, "షోరూము వాళ్ళే నింపుకుంటారు" అన్నాడు. పెడుతున్నప్పుడు నిజంగానే రెండుసార్లు పెన్ను కింద పెట్టి మళ్ళీ తీశాడు. అది నటన అని తరవాత తనకి తను సర్దిచెప్పుకున్నాడు.

ఎందుకంటే పెద్దావిడని ఎవరికీ ఇచ్చే ఉద్దేశం అతనికి లేనే లేదు. షోరూములో ఎక్స్ఛేంజి వద్దని చెప్పి, నీలం కారు మొత్తం ధరకే తీసుకున్నాడు. ఎర్రకారుని మాత్రం చిన్నప్పటి స్నేహితుడు ఆదెయ్యకున్న, పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లుకి తనే తోలుకెళ్ళాడు.

"ఒరేయ్, నా గోడౌన్లో పత్తి పెట్టుకుంటార్రా, ప్రేమలు కాదు" అన్నాడు ఆదెయ్య.

"నాలుగు రోజులే."

"మీ ఆవిడకి తెలిస్తే?"

"ఎలా తెలుస్తుంది? ఆవిడ ఈ మిల్లు మొహం ఎప్పుడైనా చూసిందా?"

ఆదెయ్య తలగోక్కుని, గోడౌన్లో ఒక మూల చూపించాడు. చుట్టూ పత్తి బేళ్ళు గోడలా పేర్చారు. లక్ష్మీకాంత్ కారు బానెట్ మీద రెండు నిమిషాలు చెయ్యేసి నిలబడ్డాడు. ఆదెయ్య మర్యాదకి అటు తిరిగాడు.

ఇంటికి వచ్చాడు. సంతకం పెట్టిన ఫారాలని ఎక్కడ పెట్టాలో తోచక టీవీ కింద సొరుగులో, కరెంటు బిల్లుల అడుగున తోసేశాడు.

ఇక కొత్త కారు సంగతి. అది మనిషి మాట వినే రకం కాదు, మనిషికి మాట చెప్పే రకం. బెల్టు పెట్టుకోమంటుంది. గీత దాటావంటుంది. పక్క సీట్లో శాంపిల్ రాయి పెడితే దానికీ బెల్టు పెట్టమని గోల చేస్తుంది. లక్ష్మీకాంత్ పదిహేను కిలోల నల్లరాయికి బెల్టు పెట్టి మార్టూరు నుంచి జాగ్రత్తగా తీసుకురావడం హైవే మీద చాలామంది చూశారు.

మొదటి ఆదివారం భార్యని ఎక్కించుకుని షికారు బయలుదేరాడు. మిరపకాయల రోజులు. సర్వీసు రోడ్డు సగం మేర పరదాల మీద కాయలు ఆరబోసి, మధ్యమధ్య కుప్పలు చేశారు. పేటలో పుట్టిన ప్రతి బండికీ ఆ కుప్పల మధ్య నుంచి పోవడం వచ్చు. నీలం కారు మాత్రం మొదటి కుప్ప కనబడగానే తనంతట తనే బ్రేకు వేసుకుని నిలబడి, కీచుమని మొత్తుకుంది. మళ్ళీ కదిలించాడు. మళ్ళీ ఆగింది. నాలుగోసారికి వెనక ట్రాక్టర్లు అరడజను చేరాయి.

కాయలు ఏరుతున్న ఒకావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "మీ కారుకి కారం పడదా బాబూ?" అని అడిగింది.

"సెన్సార్లమ్మా. మనిషి ప్రాణం కాపాడడానికి పెట్టారు."

"కాయలకి ప్రాణం పోయి వారమైంది బాబూ, భయపడొద్దని చెప్పు."

శివపార్వతి బెల్టు విప్పుకుంది. తలుపు తీసుకుని దిగి, చీర కొంగు దోపుకుని, ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. అతను ట్రాక్టర్లని తప్పించుకుని వెనక్కి తోలుకుంటూ ఆవిడ తరవాత ఇరవై నిమిషాలకి చేరాడు.

అప్పటి నుంచి లక్ష్మీకాంత్‌కి పెద్దావిడ మీద బెంగ ఎక్కువైంది. యూనిట్లో పనుందని చెప్పి ప్రతి ఆదివారం ఆదెయ్య మిల్లుకి వెళ్ళేవాడు. ఇంజను స్టార్ట్ చేసి, గోడౌన్లోనే అరగంట స్టీరింగు పట్టుకుని కూర్చుని, ఆ చప్పుడు కడుపారా విని వచ్చేవాడు. వచ్చేటప్పుడు తలలో, మీసంలో, కనుబొమల్లో ఏం అంటుకుని ఉందో అతను చూసుకోలేదు. గ్రానైటు పని చేసేవాడికి బట్టల మీద రాతిపొడి అలవాటు. తెల్లగా ఏది అంటుకున్నా అతని కంటికి రాతిపొడే.

శివపార్వతి పత్తి పండించే ఇంట్లో పుట్టిన మనిషి. భర్త చెవి మీద నుంచి ఒక పోగు తీసి, రెండు వేళ్ళ మధ్య సాగదీసి చూసింది.

"మీ యూనిట్లో రాళ్ళకి దూది కాస్తోందా?"

లక్ష్మీకాంత్ గబగబా తల దులుపుకున్నాడు. "అదా... ఇప్పుడు కొత్త రకం పాలిష్ వచ్చింది. దూదితో రుద్దుతున్నాం."

"గింజ తీసిన దూదితోనా?"

"గింజ ఉంటే గీతలు పడవూ?"

"నిజమే" అంది ఆవిడ, ఆ పోగుని జాగ్రత్తగా మంగళసూత్రాల పిన్నీసుకి చుట్టుకుంటూ.

ఆ 'నిజమే' అతనికి నచ్చలేదు. మరుసటి ఆదివారం తెలివి ఉపయోగించాడు. యూనిట్ నుంచి ఒక కవరు నిండా రాతిపొడి తెచ్చుకుని, మిల్లు నుంచి వస్తూ దారిలో కారాపి నెత్తిన గుప్పుకున్నాడు. పొడి కళ్ళలో పడింది. కళ్ళు నులుముకుంటూ, తుమ్ముతూ తోలుతుంటే నీలం కారు అతని మొహం చూసి, మీరు బాగా అలిసిపోయారు, ఆగి కాఫీ తాగండి అని తెర మీద కప్పు బొమ్మ వేసింది. ఇంటిదాకా వేస్తూనే ఉంది. దూది మీద రాతిపొడి పడేసరికి అతను ఎనభయ్యేళ్ళ పెద్దమనిషిలా దిగాడు. శివపార్వతి తలుపు తీసి, "రండి మావయ్యగారూ" అంది.

ఆ వారంలోనే, యూనిట్లో కోత మిషను హోరులో ఉండగా ఆవిడ ఫోన్ చేసింది.

"మీ ఫోనుకి ఏదో నంబరు వచ్చుంటుంది, చదవండి."

"గ్యాస్ వాడు వచ్చాడా?"

"తొందరగా చదవండి, ఇక్కడ నిలబడి ఉన్నారు."

లక్ష్మీకాంత్ చెవిలో వేలు పెట్టుకుని, నంబరు ఒక్కో అంకే అరిచి చెప్పాడు. సరిగ్గా వినపడిందా అని రెండోసారి కూడా చెప్పాడు. అంత బాధ్యత గల భర్త అతను.

రెండు వారాలకి ఆదివారం గోడౌనుకి వెళ్ళేసరికి బేళ్ళ మధ్య నాలుగు టైర్ల గుర్తులు తప్ప ఏమీ లేదు. ఆదెయ్య కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

"ఒరేయ్ ఆదెయ్యా, నా కారేదిరా?"

"నువ్వు అమ్మేశావుగా."

"ఎవరికి?"

"కొన్నావిడకి. నిన్న వచ్చింది. ఆర్సీ చూపించింది. అంతా సక్రమంగా ఉంది. నీ సంతకం నేను పదో క్లాసు నుంచి ఎరుగుదును."

"ఎవర్రా ఆవిడ?"

"చెప్పొద్దని మాట తీసుకుంది. నేను మాటిస్తే నిలబెట్టుకుంటాను. నీలాగా కాదు."

లక్ష్మీకాంత్ తేలు కుట్టిన దొంగలా ఇంటికి వచ్చాడు. ఏడుద్దామంటే, నెల కిందటే అమ్మేసిన కారు కోసం ఇప్పుడెందుకు ఏడుస్తున్నారని పార్వతి అడుగుతుంది. పోలీసు స్టేషనుకి వెళదామంటే, అమ్మానని తనే సంతకం పెట్టాడు. భోజనం ముందు కూర్చుని గోంగూరని అటూ ఇటూ కలుపుతూ ఉండిపోయాడు.

"తినరేం?"

"ఆకలి లేదు."

"పోయిందెవరు?"

ఆ మాటతో అతను కలుపుతున్న ముద్ద వదిలేశాడు. మిల్లు, బేళ్ళు, దూది, రాతిపొడి అన్నీ ఒప్పేసుకున్నాడు. "మాట తప్పాను పార్వతీ. దాన్ని వదల్లేకపోయాను. ఇప్పుడు అది ఏ ఊళ్ళో ఉందో, ఎవరు తోలుతున్నారో, క్లచ్ ఎలా తొక్కుతున్నారో" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

శివపార్వతి లేచి వెళ్ళి, ఒక కార్డు తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది. కొత్త ఆర్సీ. ఓనరు పేరు దగ్గర శివపార్వతి అని ఉంది.

అతను మూడుసార్లు చదివాడు. "ఆ నంబరు గ్యాస్ కోసం కాదా?"

"నేను గ్యాస్ అన్నానా? మీరన్నారు."

"ఇది మోసం."

"అమ్మేశానని సంతకం పెట్టి సొరుగులో దాచింది ఎవరు? ఖాళీగా ఉందని పేరు నింపాను. అంతే."

"పంపించెయ్యమన్నదానివి, మళ్ళీ నువ్వే కొనడమేమిటి?"

ఆవిడ అతని గ్లాసులో మజ్జిగ పోసింది. "ఇరవై నాలుగేళ్ళు దాని పక్క సీట్లో కూర్చున్నాను. ఒక్కసారి తోలనివ్వండి అన్నప్పుడల్లా, దాని క్లచ్ సున్నితం, నీవల్ల కాదు అన్నారు. మా పొదిలిలో పన్నెండెకరాలు నేను ట్రాక్టరుతో దున్నాను. నాకు దక్కనిది నా వాకిట్లో ఎందుకని ఉక్రోషం. దూది చూసి మిల్లుకి వెళ్ళాను. దాని మీద మన పెళ్ళి పట్టుపంచె కప్పి ఉంది. అది చూశాక ఎవరి పాలో కానివ్వడానికి నాకే మనసొప్పలేదు."

లక్ష్మీకాంత్‌కి ఆకలి గుర్తొచ్చింది. గోంగూర ముద్ద ఇప్పుడు లోపలికి వెళ్ళింది.

"ఇప్పుడు ఎక్కడుంది?"

"వెనక వీధిలో. నిన్న మీరు యూనిట్లో ఉండగా తెచ్చాను. అన్నం తిని చొక్కా మార్చుకోండి. పొదిలి వెళ్ళాలి, మా నాన్నకి చూపించాలి."

పెద్దావిడ మూడు వీధుల్నీ లేపుకుంటూ గేటు ముందుకొచ్చింది. గుడ్డ కప్పు తీసేసి ఉంది. శివపార్వతి జడ చుట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంది. లక్ష్మీకాంత్ అలవాటుగా కుడివైపు తలుపు దగ్గరికి వెళ్ళి, తప్పు తెలుసుకుని, బానెట్ చుట్టూ తిరిగి ఎడమవైపు ఎక్కాడు. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఆ తిరగడం చూడనే చూశారు.

హైవే ఎక్కాక కాసేపు అతను కాళ్ళతో లేని బ్రేకులు తొక్కాడు. మూడో గేరు, నాలుగో గేరు. ఎక్కడా కీచుమనలేదు, అదరలేదు. ఆవిడ ఒక పత్తి లారీని దాటించిన తీరుకి ఆ డ్రైవరు హారను కొట్టి సలాం చేశాడు. తన చేతిలో ఆ కారు ఇంత మెత్తగా ఎప్పుడూ నడవలేదని లక్ష్మీకాంత్‌కి అర్థమైంది. కడుపులో కొంచెం మండింది. అంతకంటే చాలా ఎక్కువగా గర్వం పొంగింది. ఇంతకాలం ఈ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు చూపించాననుకున్న తనని తనే తిట్టుకున్నాడు.

మార్టూరు దగ్గర టీ కొట్టు ముందు ఆగారు. నిమిషంలో చుట్టూ జనం చేరారు. ఒక పెద్దాయన బానెట్ తడిమి, "ఎవరిదండీ బాబూ ఈ బండి?" అని లక్ష్మీకాంత్‌నే అడిగాడు.

ఈ ప్రశ్నకి అతను మద్రాసు నుంచి మొదలుపెట్టి అరగంటకి తక్కువ కాకుండా ఎన్నో వందలసార్లు జవాబు చెప్పాడు. నోరు తెరిచాడు. పక్కకి చూశాడు. శివపార్వతి ఏమీ పట్టనట్టు టీ ఊదుకుంటోంది, కానీ గ్లాసు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

"మా ఆవిడదండీ" అన్నాడు లక్ష్మీకాంత్. తర్వాత, అది చాలదనిపించి ఛాతీ విరుచుకుని, "ట్రాక్టరు కూడా తోలుతుంది" అన్నాడు.

పెద్దాయన అటు తిరిగి ఆవిడకి నమస్కారం పెట్టాడు. ఆవిడ టీ తాగింది. ఇంకో రెండు మాటలు చెబుదామని లక్ష్మీకాంత్ గొంతు సవరించుకునేలోగా ఇంజను స్టార్టయింది. అతను సగం టీ బల్ల మీద వదిలేసి, పరుగున వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నాడు.