అల్లరికి నలభై కారణాలు

ఆ పొద్దున తల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. నానబెట్టిన బట్టలు ఉతికి ఆరేసి, పన్నెండింటికల్లా కాస్త నడుం వాల్చాలి. ఇంతలో మూడో క్లాసు చదివే కూతురు బడి సంచిలోంచి ఒక కాగితం తీసింది.

"అమ్మా, ఇది నింపి ఇవ్వమంది టీచరు. నేను క్లాసులో అల్లరి చేస్తున్నానట. పక్కవాళ్లతో మాట్లాడుతున్నానట."

కాగితంలో నలభై ప్రశ్నలున్నాయి. ఇంట్లో పోట్లాటలా? వస్తువులు విరగ్గొడుతుందా? నిద్రలో నడుస్తుందా? తల్లి గబగబా పెన్ను వెతికి తెచ్చుకుంది. పిల్ల తుమ్మితే ఊపిరితిత్తులు పోయాయనుకునే మనిషి ఆమె. డాక్టరు దగ్గర ఏదీ దాచకూడదన్న ఒక్క నియమంతోనే ఇంతకాలం సంసారం లాక్కొచ్చింది. ఏది దాస్తే ఏం ముంచుకొస్తుందోనని నలభైకి నలభై "అవును" అని టిక్కు పెట్టింది.

"ఇది నిద్రలో ఎప్పుడు నడిచిందే?" అన్నాడు భర్త, తల దువ్వుకుంటూ.

"మనం నిద్రపోయాక నడిస్తే మనకెలా తెలుస్తుందండీ?"

భర్త దువ్వెన జేబులో పెట్టుకుని, కాగితంతో సహా పిల్లని బడిలో దింపడానికి బయల్దేరాడు.

పదకొండింటికి ఫోను మోగింది. కాగితం చూసి బెదిరిపోయిన క్లాసు టీచరు దాన్ని హెడ్‌మిస్ట్రెస్ ముందు పెట్టింది. తప్పు తన బడిలో తప్ప ఎక్కడైనా ఉండగలదని నమ్మే ఆవిడ, పిల్లల మనస్తత్వం చదువుకున్న నిపుణుడికి కబురు పెట్టింది.

"మూడింటికి ఇద్దరూ రండి. పిల్లని ఇక్కడ ఉంచాలో, వేరే బడి చూసుకోమనాలో ఇవాళే తేల్చేస్తాం," అంది హెడ్‌మిస్ట్రెస్.

బట్టలు బకెట్లోనే ఉండిపోయాయి.

మూడింటికి పెద్దవాళ్లంతా పిల్లల బెంచీల్లో, మోకాళ్లు గడ్డాలకు తగిలేలా ఇరుక్కున్నారు. పిల్లను బోర్డు పక్కన నిలబెట్టారు. నిపుణుడు గొంతు సవరించుకుని, తెచ్చిన కాగితాల కట్టలోకి తల దూర్చాడు.

"అల్లరి అనేది ఒక ప్రవర్తన. ప్రవర్తన అనగానేమి..."

పావుగంట తిరిగేసరికి హెడ్‌మిస్ట్రెస్ టీచరు వైపు వంగింది. "ఈ సంచి ఎక్కడ కొన్నావమ్మా?" అంది గుసగుసగా. అరగంటకు టీచరు బల్ల కింద ఫోను తెరిచింది. భర్త గురక మొదలెట్టాడు. పిల్ల బతుకు తేలిపోయే వేళ ఇదేం నిద్రని తల్లి గట్టిగా గిల్లింది. "స్టేషనొచ్చిందా?" అంటూ ఆయన ఉలిక్కిపడి లేచాడు. హెడ్‌మిస్ట్రెస్ కిసుక్కుమంది.

నిపుణుడు తలెత్తాడు. "ఎవరది మాట్లాడేది?"

"రాశానండీ," అంది పిల్ల.

ఆ క్లాసులో టీచరు తలొంచుకుని పనిలో పడితే, బోర్డు దగ్గరున్నవాళ్లు అల్లరి చేసినవాళ్ల పేర్లు రాయడం అలవాటు. పిల్ల ఆ ప్రకారమే గుండ్రటి అక్షరాలతో రాసింది. హెడ్‌మిస్ట్రెస్ గారు: మాటలు, నవ్వు. టీచరు గారు: ఫోను. నాన్న: గురక. అమ్మ: గిల్లింది.

నిపుణుడికి ఒళ్లు మండింది. హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగి, "ఎందుకండీ ఇలా చేస్తున్నారు? ఇంట్లో ఏమైనా పోట్లాటలా?" అని అడిగాడు.

"అబ్బే, విసుగొచ్చిందండీ," అనేసి ఆవిడ నాలుక్కరుచుకుంది.

తల్లి మెల్లగా కూతురి వైపు తిరిగింది. ఈ గొడవంతటిలో ఎవరికీ తట్టని ప్రశ్న అప్పుడు ఆమెకు తట్టింది. "మరి నువ్వెందుకే మాట్లాడతావు?"

"నాకూ అంతే."

హెడ్‌మిస్ట్రెస్ లేచి, తన పేరుతో మొదలెట్టి బోర్డంతా తనే తుడిచేసింది. "పిల్ల ఇక్కడే చదువుకుంటుందిలెండి," అంది తల్లితో. "ఇవాళ్టి సంగతి మాత్రం ఈ గది దాటకూడదు."

అల్లరికి కారణం ఇంకా పరిశోధించవలసి ఉందని రిపోర్టు రాసి, పెద్దవాళ్లంతా సంతకాలు పెట్టారు.