బోర్లా రొట్టె

ఆ పొద్దున ఆయ్‌సారా రెండు పనులు పెట్టుకుంది: దొంగ పేజీని మూయించాలి, పెళ్ళి ఆర్డరు పట్టాలి. సమర్‌కంద్‌లో ఆమె తందూరు రొట్టె ఎరగని నోరు లేదు. రొట్టె నడుమ మేకుల అచ్చుతో పొడిచే ఎనిమిది రేకుల పువ్వే ఆమె ముద్ర. ఆ పేరూ, ఆ పువ్వూ ఎత్తుకుపోయి ఎవడో ఫోన్లో ‘ఆయ్‌సారా రొట్టెలు’ అని ఇంకో పేజీ తెరిచాడు. వాడమ్మేవి ఎండు రొట్టెలు. కొన్నవాళ్ళ తిట్లు మాత్రం ఈమెకు తాజాగా అందుతున్నాయి.

శుక్రవారం పెళ్ళికి మూడు వందల రొట్టెలు కావాలన్న పెళ్ళికూతురి తల్లి తేల్చి చెప్పేసింది. "ఇద్దరు ఆయ్‌సారాలతో నావల్ల కాదు. సాయంత్రానికి ఏ పేజీ మిగిలితే దానికే ఆర్డరు."

ముద్ర కనబడితే కదా వాడు కాజేసేది! ఆయ్‌సారా తన పేజీలో పాత ఫొటోలన్నీ తీసేసి, పువ్వు కనబడకుండా రొట్టెల్ని బోర్లా పెట్టి కొత్తవి తీసి ఎక్కించింది.

రొట్టెని బోర్లా పెట్టడం అక్కడ మహాపాపం. భర్త నార్మత్ పరుగున వచ్చాడు. "రొట్టెని బోర్లా పెడతావా? మా అమ్మ చూసిందంటే నిన్ను బోర్లా పెడుతుంది."

"మీ అమ్మకి ఫోన్ లేదు. వెళ్ళి నాలుగు కిలోల బియ్యం కడుగు."

కాలవ తవ్వాలన్నా, గోడ లేపాలన్నా వీధంతా కలిసి చెయ్యడం, చేయించుకున్నవాళ్ళు పులావ్ పెట్టడం అక్కడి రివాజు. ఈసారి ఆయ్‌సారా వీధిని ఫిర్యాదుకు పిలిచింది. నలభై మంది ఫోన్లతో దిగారు.

"ఏం చెయ్యమంటావమ్మా?" అన్నాడు వీధి పెద్ద ఎర్గష్ తాత.

"దొంగ పేజీ తెరిచి, నకిలీ అని నొక్కండి తాతా. అందరూ ఒక్కసారే నొక్కితే మూసేస్తారట. ఏది దొంగదో చూడగానే తెలుస్తుంది," అంటూనే ఆమె మాడు వాసన వచ్చిన వైపు పరుగెత్తింది.

చూడగానే తెలిసింది. తాత కళ్ళజోడు సవరించుకున్నాడు. "కడుపు నింపేదాన్ని మొహం మీద పడుకోబెట్టాడు, పాపిష్టివాడు. ఏం నార్మత్, మీ ఆవిడ ఎప్పుడైనా రొట్టె బోర్లా పెడుతుందా?"

నార్మత్ నలభై మొహాలు చూశాడు. ఇంటి పరువు గుర్తొచ్చింది. "పెట్టదు," అన్నాడు.

నలభై వేళ్ళు ఒక్కసారే దిగాయి. పులావ్ వడ్డించేసరికి పేజీ మూతపడింది. ఆయ్‌సారా గెలుపు చూసుకుందామని తన పేజీ తెరవబోయింది. తెరుచుకోలేదు.

"తాతా, మీరు మూసింది నాది."

"బోర్లా పెట్టింది నువ్వా?" తాత ముద్ద నోటి దగ్గరే ఆగింది.

రొట్టె బోర్లా, పథకం బోల్తా. ఆర్డరు మిగిలిన పేజీకే వెళ్ళిందని కబురు కూడా వచ్చేసింది.

అంతలో గుమ్మం ముందు కారు ఆగి, సన్న మీసాల మనిషి దిగాడు. రోజూ సాయంత్రం మిగిలిన రొట్టెలు కొనుక్కెళ్ళే సాంజర్.

"అక్కా, శుక్రవారానికి మూడు వందలు కావాలి. పువ్వు స్పష్టంగా పడాలి."

నలభై నోళ్ళు నమలడం ఆపాయి.

"పెళ్ళికేనా?" అంది ఆయ్‌సారా.

"అవును, మీకెలా తెలుసు?"

ఆమె అతని వెనక తలుపు గడియ పెట్టింది. "కూర్చో నాయనా, ముందు పులావ్ తిను. తింటూ ఆ పేజీ పాస్‌వర్డు చెప్పు."

నలభై మంది మధ్య అతను రెండూ మింగలేకపోయాడు, పాస్‌వర్డు కక్కేశాడు. ఆరు వేల మంది అభిమానులున్న పేజీ, పెళ్ళి ఆర్డరూ ఆయ్‌సారా చేతికొచ్చాయి. రొట్టె విరిగి నేతిలో పడింది.

అప్పుడు ఆమె అందరికీ మొదట్నుంచి విప్పి చెప్పింది: ముద్ర దాచడానికి తను బోర్లా పెట్టడం, పరువు దాచడానికి మొగుడు బొంకడం, దొంగ అమ్మిందంతా తన నిన్నటి రొట్టే కావడం. తాత లేచి, బల్ల మీద ఇంకా బోర్లా ఉన్న రొట్టెల్ని ఒక్కొక్కటే తిరగేసి, కళ్ళకద్దుకుని పెట్టాడు.

శుక్రవారం పెళ్ళి రొట్టెలు కాల్చే సాయానికి ఎవరూ పిలవకుండానే నలభై మందీ వచ్చారు. ఫోన్లు మాత్రం ఇంట్లోనే వదిలేశారు.