డిఫెన్స్‌లో బీరువా

చెరువుగట్ల శాఖ హాకీ టీమ్‌లో డిఫెండర్ పోస్టు ఖాళీ అయితే, స్పోర్ట్స్ కోటాలో ఆఫీసు బీరువాను వేశారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. సీనియారిటీలో అదే ముందుంది. పైగా ఒక్కరోజు కూడా లీవు పెట్టలేదు.

గోల్‌కీపర్ మద్దిలేటికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఈసారీ అట్టడుగునే ఉంటే టీమ్ రద్దు, ఆటగాళ్ళంతా ఆఫీసులో సీట్లలో కూర్చోవాలని పైనుంచి ఆర్డరొచ్చింది మరి. అతనికి సీటంటే వణుకు.

"నేను ఆటగాన్నప్పా! 'సార్ లేరు, రేపు రా' అని ఈ నోటితో ఎవురికీ చెప్పింది ల్యా. సచ్చినా చెప్పను!" అని అనంతపురమంతా చాటుకుంటూ తిరిగేవాడు.

మొదటి మ్యాచ్‌లో అవతలి ఫార్వర్డు బంతిని ఫిరంగిగుండులా కొట్టాడు. బీరువా కిర్రుమని తలుపు తెరిచి, మింగి, మూసుకుంది. లోపలికెళ్ళింది బయటికి రావడం దాని సర్వీసులోనే లేదు.

"మా బంతి ఏమయిందప్పా?"

"అర్జీ పెట్టుకో," అన్నాడు అంపైరు, విజిల్ తుడుచుకుంటూ.

అవతలి టీమంతా బీరువా ముందు లైను కట్టింది. కదిలితే లైను పోతుందని ఎవరూ కదల్లేదు. మనవాళ్ళు ఇంకో బంతి తెచ్చి, ఖాళీ మైదానంలో నడుచుకుంటూ వెళ్ళి గోల్స్ వేశారు. టీ తాగొచ్చి మళ్ళీ వేశారు. సీజనంతా ఇదే వరస. రానురాను ప్రత్యర్థులు హాకీ స్టిక్కులు మానేసి, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, అన్నం క్యారియర్లు తెచ్చుకోసాగారు.

ఫైనల్లో ఆదోని టీమ్ ఫార్వర్డు సుంకన్న, మద్దిలేటికి సొంత బామ్మర్ది, లైన్లో నిలబడే ఓపికలేక బంతి కోసం బీరువాలో తల పెట్టాడు. తలుపు మూసుకుంది. ఆట ఆగలేదు. కప్పు మనదే.

సన్మానం జరుగుతుండగా బీరువా లోపల్నుంచి ఎవరో తట్టారు. తాళంచెవి మద్దిలేటి మొలతాడుకే ఉంది.

"బావా, నేను సుంకన్నని. తలుపు తీ. ఈడ శానామంది ఉండారు బావా. పింఛను అడగనీకి వచ్చిన పెద్దాయనొకడు ఇంగా లైన్లోనే ఉండాడు."

మద్దిలేటి చెయ్యి మొలతాడు దాకా వెళ్ళి ఆగింది. తీస్తే బంతులన్నీ బయటికొస్తాయి. బంతులొస్తే మ్యాచులు మళ్ళీ ఆడాలి. ఆడితే ఓడతారు. ఓడితే సీటు.

"సార్ లేరు," అన్నాడు మెల్లగా. "రేపు రా."



"ఆ మాట అనింది నువ్వేనా బావా?"

"నేనేలే," అని ఒప్పుకున్నాడు మద్దిలేటి. "నోరు జారిందీ ల్యా. శానా సులువుగా వచ్చింది."

లోపల అందరూ సర్దుకుని నిలబడుతున్న అలికిడి వినిపించింది.

"సరే బావా. రేపు ఎన్ని గంటలకు?"