నమ్మకం నూటికి నూరు

మా కార్యాలయంలో అపనమ్మకాన్ని సమూలంగా నిర్మూలించామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇందుకు పట్టిన కాలం ఆరు వారాలు. పోగొట్టుకున్నది ఒక్క ఉద్యోగిని. ఇంత తక్కువ నష్టంతో ఇంత పెద్ద విజయం మరే కార్యాలయమూ సాధించి ఉండదు.

మేం చేసే పని చిన్నదే. కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూసే రోగుల జాబితా తయారుచేస్తాం. ఎవరి పరిస్థితి ఎలా ఉంది, ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది మా కంప్యూటర్లు తేలుస్తాయి. ఆస్పత్రి ఆ వరుసలోనే పిలుస్తుంది. మా బావ అందులో తొమ్మిదో వాడు.

ఈ లెక్కలన్నీ మేం నోట్‌బుక్కుల్లో చేస్తాం. కాగితాల పుస్తకాలు కావవి, కంప్యూటర్లో తెరుచుకునే ఫైళ్లు. మాటలు, అంకెలు, రంగుల బొమ్మలు, వాటితో పాటు కంప్యూటరుకు ఇచ్చే ఆదేశాలు, అన్నీ ఒకేచోట ఉంటాయి. బయటి నుంచి వచ్చిన నోట్‌బుక్కు తెరిస్తే కంప్యూటర్ బొమ్మ చూపించకుండా మర్యాదగా ఒక ప్రశ్న వేస్తుంది: "దీన్ని రాసిందెవరో తెలియదు. నమ్ముతారా?" నమ్ముతాను అని నొక్కితే బొమ్మ కనిపిస్తుంది. బొమ్మ వెనక ఎవరైనా ఆదేశాలు దాచి ఉంటే అవి కూడా మన పేరుతో, మన అధికారంతో, మన కళ్లముందే పనిచేసుకుపోతాయి.

ఈ ప్రశ్న మా డైరెక్టర్ గారి మనసును గాయపరిచింది.

"భార్యాభర్తలు పొద్దున్నే లేచి 'నన్ను నమ్ముతారా' అని ఒకరినొకరు అడుగుతారా?" అని సమావేశంలో గర్జించారు. "మరి ఈ కంప్యూటరుకేం పోయేకాలం? ఈ సంస్థ నమ్మకం మీద నిలబడింది!"

చప్పట్లు కొట్టాం. ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. ఇకపై ప్రతి ఉద్యోగికీ విశ్వాస శాతం లెక్కిస్తారు. నమ్ముతాను అని నొక్కడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. నమ్మను అని నొక్కితే మాత్రం కారణాలు వివరిస్తూ మూడు పేజీల ఫారం నింపాలి. మూడుసార్లు నమ్మనివారు ఇంటికి వెళ్లాలి.

మొదటి వారంలోనే సగటు తొంభై ఎనిమిదికి చేరింది. రెండో వారంలో ప్రశ్న చదవడం మానేశాం. మూడో వారంలో ఫైలు తెరుచుకోకముందే వేలు కదలడం నేర్చుకుంది. నూరుకు చేరనివ్వకుండా అడ్డుపడుతున్నది ఒకే ఒక్కావిడ. భద్రతా విభాగంలో ఉన్నది ఆవిడ ఒక్కతే. మేం ముద్దుగా అనుమానమ్మ అనేవాళ్లం. అప్పటికే ఆవిడ ఫారాలు రెండు నింపేసింది.

ఇంతలో ఒక మధ్యాహ్నం అందరికీ ఒక నోట్‌బుక్కు వచ్చింది. పేరు "కొత్త సీట్ల కేటాయింపు". పంపినవారు "మీ శ్రేయోభిలాషి". మా గదికి ఉన్నది ఒకే కిటికీ అని ఇక్కడ మనవి చేయాలి.

"ఎవరండీ ఈ శ్రేయోభిలాషి?" అంది అనుమానమ్మ. "ఆగండి, నొక్కకండి. రంగుల బొమ్మ కోసం రోగుల జాబితా తాకట్టు పెడతామా?"

"అమ్మా, నీకు కిటికీ రాలేదని ముందే తెలిసిపోయిందా ఏంటి?" అన్నాను నేను. అందరూ నవ్వారు. నలభై మందిమి నొక్కాం. బొమ్మ చక్కగా విప్పారింది. నలభై మందికీ కిటికీ పక్కనే సీటు. ఎవరి సీటు వాళ్లం చూసుకుని మురిసిపోయాం. అనుమానమ్మ నమ్మను అని నొక్కి, మూడో ఫారం అందుకుంది.

మర్నాడు జాబితా అచ్చయింది. మొదటి స్థానంలో మేమెవరం ఎన్నడూ ఎరగని పేరు. మా బావ మూడువందల పన్నెండో వాడు.

సగం నింపిన మూడో ఫారంతోనే అనుమానమ్మ డైరెక్టర్ గారి దగ్గరికి పరుగున వచ్చింది. "మీరు నొక్కిన బొమ్మలో ఆదేశాలు దాచారు సార్. జాబితా తారుమారైంది. నిన్నటి అసలు జాబితా నా కంప్యూటర్లో భద్రంగా ఉంది. దాన్నే పంపండి."

డైరెక్టర్ గారు తొందరపడే మనిషి కారు. విచారణ జరిపించారు. అది పది నిమిషాల్లో ముగిసింది.

"నలభై కంప్యూటర్లు ఒకే మాట మీదున్నాయి" అన్నారాయన. "ఒక్కటే వేరే మాట చెబుతోంది. ఆ ఒక్కటి ఎవరిది?"

గదిలో గుసగుసలు లేచాయి. నిజమే కదా! ఇంతమందికి సోకిన తెగులు ఆవిడ దగ్గరికే రాలేదంటే అర్థమేమిటి?

"మీ బావగారు తొమ్మిదో నంబరు కదా!" అని అనుమానమ్మ నావైపు తిరిగింది. "మీకు తెలుసు. చెప్పండి!"

డైరెక్టర్ గారు కూడా నావైపే చూస్తున్నారు. ఆ నెలలోనే నా పదోన్నతి కాగితం ఆయన బల్ల మీద ఉంది.

"ఈవిడ కంప్యూటర్ని నమ్మవచ్చా?" అని ఆయన సభనడిగారు.

సంస్థ చరిత్రలో తొలిసారిగా మేమంతా ఏకకంఠంతో "నమ్మం" అన్నాం. నా గొంతు కాస్త ముందే లేచింది. నిబంధన ప్రకారం మూడు పేజీల ఫారం నేనే నింపాను. దస్తూరి బాగుందని మెచ్చుకున్నారు. ఆవిడ కంప్యూటర్ని ఆ పూటే తుడిచి శుభ్రం చేశారు, అసలు జాబితాతో సహా. ఆవిడ సంచి సర్దుకుని వెళ్లింది. మా విశ్వాస శాతం నూటికి నూరు అయింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ నంబరు మూడొందలు దాటిందట్రా! ఎక్కడైనా పొరపాటు జరిగిందేమో కాస్త చూడరా."

"కంప్యూటర్ తేల్చింది అక్కా. నలభై కంప్యూటర్లు అదే చెప్పాయి."

ఫోన్లో వెనకాల బావ దగ్గు వినిపించింది.

"సరేలేరా" అంది అక్క. "నువ్వక్కడ ఉన్నావుగా, నాకదే ధైర్యం."

అనుమానం మా ఇంటా వంటా లేదు.