మక్కపిండి వానకోటు

ఆ రోజు బీరప్ప పెట్టుకున్న పని ఒక్కటే. జడ్చర్ల కంపెనీవాళ్లు వాడి చూడమని ఇచ్చిన వానకోటును, సాయంత్రం వచ్చే ఆ కంపెనీ లియాఖత్ అలీ సారుకు కొత్తదానిలా చూపించాలి. అది మామూలు ప్లాస్టిక్ కోటు కాదు, మక్కజొన్న పిండితో చేసింది. పాతబడితే మన్నులో కలిసిపోతుందట. కోటు చెక్కుచెదరకుండా ఉంటే వాచ్‌మన్‌గా పెట్టిస్తానని సారు మాటిచ్చాడు. మేకల వెంట తిరిగి తిరిగి విసిగిపోయిన బీరప్పకు ఆ నౌకరి మీద ప్రాణమంతా ఉంది.

భార్య బిక్షమ్మకు ఇంకా ఆత్రం. గొంగడికి చింతగింజల గంజి పట్టిస్తే వాన దిగదని ఆమెకు తెలుసు. మరి కోటు ఏం పాపం చేసింది? చిక్కగా గంజి కాచి, కోటుకు లోపలా బయటా పూసి, కంప మీద ఆరేసింది.

మేకలు ముందు గంజి నాకాయి. తర్వాత కోటు అందుకున్నాయి. బీరప్ప కర్ర పట్టుకుని ఉరికొచ్చేసరికి కంప మీద కాలరే మిగిలింది.

"ఓ నీ పాడుగాను! నా నౌకరి మేసినయి గదనే! గంజి ఎవలు పెట్టమన్నరు నిన్ను?"

"నువ్వు జల్ది లేసి మేకలను తోల్కపోతే గిట్లయితుండెనా?"

ఇద్దరూ సాయంత్రం దాకా తిట్టుకున్నారే తప్ప, సారుకు ఏం చెప్పాలో అనుకోలేదు. సారు స్కూటరు వచ్చి ఆగనే ఆగింది.

"కోటేది బీరప్పా?"

"మా బామ్మర్ది ఏసుకపోయిండు సార్, కోస్గి సంతకు."

అదే క్షణంలో బిక్షమ్మ నీళ్లచెంబుతో బయటికొచ్చింది. "కోటు పెట్టెల వెట్టి తాళమేసినం సార్."

సారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అయితే పెట్టె తెరువు."

"తాళంచెవి బామ్మర్ది కాడున్నది సార్," అన్నాడు బీరప్ప చెమటలు తుడుచుకుంటూ.

ఇంతలో ఆ బామ్మర్ది గాలయ్య ఆవులిస్తూ ఇంట్లోంచి వచ్చాడు. "నన్ను పిలిచినవా బావా?"

స్కూటరు వెనక నిలబడ్డ మేక నోట్లోంచి, పొద్దున ఎత్తుకుపోయిన కోటు చెయ్యి ఇంకా వేలాడుతోంది. సారు చూపు అక్కడ ఆగింది. బీరప్ప రెండు చేతులూ జోడించాడు.

"మేకలు తిన్నయి సార్, పొద్దుగాల. గంజి వెట్టినమని..."

"మేకల కడుపులు ఏమన్న ఉబ్బినయా?"

"ఉబ్బుడా? పొద్దటి సంది గంజికుండ ఇడుస్తలేవు సార్!"

సారు ముఖం విప్పారింది. "యా అల్లా! కార్ఖానాల కోట్ల కత్తిరింపు ముక్కలు గుట్టలు వడ్డయి. మన్నుల ఎప్పుడు కలుస్తయో ఏమో, కంపెనీ మాలిక్ రోజూ నా పానం తీస్తున్నడు. నీ నౌకరి పక్కా బీరప్పా! గంజి మీ ఇంటామె కాస్తది."

బీరప్ప ఆనందం పట్టలేక ఏడ్చేశాడు.

వారం తిరగకముందే కంపెనీలో చేరాడు. ఖాకీ బట్టలు, టోపీ, ఈల అన్నీ ఇచ్చారు. పొద్దున డ్యూటీ ఎక్కిన దగ్గర నుంచి సాయంత్రం దిగేదాకా ఆ ముక్కల గుట్టల మీద మేకలు కాస్తాడు.