కనపడని ఓటరు తల్లి

పోస్టల్ ఓటు దరఖాస్తు మంజూరైన రోజు ఉదయం స్రవంతి రెండో ఇడ్లీ తుంపుకుంటూ ఉండగా కనపడకుండా పోయింది. ఇది నిబంధనల ప్రకారమే జరిగింది. కొత్తలంకపేట సబ్‌స్టేషన్‌లో ఆమె షిఫ్ట్ ఆపరేటరు. పోలింగు రోజు డ్యూటీలో ఉంటుంది కాబట్టి కాగితాల్లో గైర్హాజరు ఓటరు. గైర్హాజరైన మనిషి ఊళ్ళో కనపడుతూ తిరిగితే రెండో ఓటు కూడా వేసేస్తుందేమోనన్న అనుమానం ఉంటుంది. అందుకని ఉత్తర్వు చేరిన గంటలోపు మనిషి కంటికి ఆనడం మానేస్తుంది. ఒంటిమీద బట్టలు, చేతిలో వస్తువులు కూడా కనపడవు. గొంతు మాత్రం ఉంటుంది. ఓటరు గొంతు గురించి నిబంధనల్లో ఎక్కడా ప్రస్తావన లేదు.

ఓటు లెక్కలోకి వచ్చిన రోజున మనిషి మళ్ళీ కనపడుతుంది. కవరు తిరస్కరిస్తే మాత్రం వచ్చే సార్వత్రిక ఎన్నికల దాకా అంతే.

ఈ చివరి మాట దగ్గరే తల్లి మంగతాయారుకు భయం మొదలైంది. అసలు ఆమెకు ఎప్పుడూ ఏదో ఒక భయం ఉండేది. లైన్‌మన్‌గా పనిచేసే భర్త స్తంభం మీదే పోయాడు. ఆయన పోయినందుకే కూతురికి ఈ ఉద్యోగం ఇచ్చారు. అప్పటినుంచి కరెంటు పోయినా భయమే, వచ్చినా భయమే. దానికి తోడు ఆరు నెలలుగా కాలవగట్టు మీద ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిలు వేసుకుని పిల్ల స్కూటీ వెనకాలే ఇంటి మలుపు దాకా వస్తున్నారు. ఏమీ అనరు. రావడం మాత్రం మానరు. సాయంత్రం ఏడయ్యేసరికి మంగతాయారు గేటు పట్టుకుని నిలబడేది.

"ఇడ్లీ తిన్నావా లేదా, అది చెప్పవే ముందు," అంది ఖాళీ పీట వైపు చూస్తూ.

"తింటన్నానమ్మా. చట్నీ ఇటు జరుపు."

గిన్నె జరిపి, అది మాయమవడం చూసి, ఊపిరి పీల్చుకుంది.

స్కూటీ ఎక్కితే అదీ కనపడదు, లారీవాడు గుద్దేస్తాడని పిల్లని నడిచి వెళ్ళమంది. సబ్‌స్టేషన్‌లో పని ఎప్పటిలాగే సాగింది. రిజిస్టరులో రీడింగులు పడుతున్నాయి, ఫోన్లు ఎత్తుతున్నారు. ఆమె కనపడటం లేదని పైఅధికారికి పది రోజుల తర్వాత ఎవరో చెప్తే తెలిసింది.

బ్యాలెట్ పేపరు, లోపలి కవరు, బయటి కవరు, డిక్లరేషను కాగితం పోస్టులో వచ్చాయి. వాటితోపాటు పోలింగు బూత్ పనులు చూసే అంగన్‌వాడీ టీచరు రాజ్యలక్ష్మి వచ్చి వరండాలో కూర్చుని విడమరిచి చెప్పింది. స్రవంతి ఓటు వేసి లోపలి కవరులో పెట్టి అంటించాలి. డిక్లరేషను మీద గెజిటెడ్ ఆఫీసరు ముందు సంతకం చేయాలి, ఆయన కింద సంతకం పెట్టి ముద్ర వేయాలి. అన్నీ బయటి కవరులో పెట్టి పంపాలి.

"పశువుల డాక్టరు గారు గెజిటెడేనండి. ఊరంతా ఆయన దగ్గరికే వెళ్తారు," అంది రాజ్యలక్ష్మి. "కాగితం పెడితే సంతకం పెట్టేస్తారు, అంతేనండి. ఇంకేం మాట్లాడకండి."

మాట్లాడకుండా ఉండటం మంగతాయారు వల్ల అయ్యే పని కాదు. ఆ సంగతి రాజ్యలక్ష్మికి తెలియదు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు గంగాధరరావు ఓ గేదె నోరు తెరిచి పళ్ళు ఒక్కొక్కటీ చూస్తున్నారు. తర్వాత కళ్ళు చూశారు, చెవులు చూశారు, తోక ఎత్తి చూశారు. చేతులు కడుక్కుని బల్ల దగ్గరికి వచ్చి కళ్ళజోడు జేబులో పెట్టేసుకుని, వరసలో నిలబడ్డవాళ్ళ కాగితాల మీద తల ఎత్తకుండా సంతకాలు పెట్టడం మొదలుపెట్టారు. రేషన్ కార్డు, పింఛను, కులం కాగితం, అన్నిటికీ అదే వేగం. మనిషిని చూడకుండా సంతకం పెట్టడం ఆయనకు ఇరవై ఏళ్ళ అలవాటు. కనపడని ఓటరు అయినా ఆయనకు ఇబ్బంది లేదు.

స్రవంతి సంతకం చేసి కాగితం బల్ల మీద పెట్టింది. కాగితం గాలిలోంచి వచ్చి వాలినా ఆయన చూడలేదు. ఆయన కలం పైకి లేచింది.

"అయ్యగారండి," అంది మంగతాయారు. "ఒక్కసారి మా అమ్మాయిని చూసి పెట్టండి."

"ఏం, చూడకపోతే నా సంతకం చెల్లదా?"

"అలాగని కాదండి. రేపెవరన్నా మిమ్మల్ని అడిగేరనుకోండి, చూసేరా అని. ఐదేళ్ళ మాటండి. నాకు నిద్ర పట్టదు."

"అమ్మా, ఊరుకో," అంది స్రవంతి గొంతు.

డాక్టరు గారు నిట్టూర్చి, జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని తల ఎత్తారు. చాలాసేపు చూశారు.

"ఎవరూ లేరు కదమ్మా."

"ఇక్కడేనండి, గేదె పక్కన," అంది స్రవంతి.

"వినపడుతోందమ్మా. కానీ 'నేను చూస్తుండగా సంతకం చేసిరి' అని ఉందిక్కడ. వినడం గురించి లేదు." కలానికి మూత పెట్టారు. "చూడకముందైతే పెట్టేసేవాణ్ణి. చూసేక ఎవరూ లేరని తెలిసింది. తెలిసి తెలిసి అబద్ధం మీద సంతకం ఎలా పెట్టనూ? తర్వాతెవరు?"

గడువు ఆఖరి రోజు కావడంతో కవరు ముద్ర లేకుండానే వెళ్ళింది. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. తిరస్కరించడమైనది, వచ్చే సార్వత్రిక ఎన్నికల వరకు యథాస్థితి.

స్రవంతి వారం రోజులు తల్లితో మాట్లాడలేదు. కనపడకుండా, మాట్లాడకుండా ఉంటే పిల్ల ఇంట్లో ఉందో లేదో తెలియక మంగతాయారు గదిగదికీ చేతులు చాచి వెతుక్కునేది. ఓసారి చేతికి జడ తగిలింది. పట్టుకుని ఏడ్చింది. "సర్లే, వదులు, నొప్పెడతంది," అంది స్రవంతి. అలా మాటలు కలిశాయి.

తర్వాత ఓ సాయంత్రం మంగతాయారు మలుపు దగ్గర మోటారు సైకిలు చూసింది. కుర్రాళ్ళిద్దరూ గట్టు మీదికి చూసుకుంటూ ఉన్నారు. వాళ్ళ పక్కనుంచే చెప్పుల చప్పుడు నడిచి వచ్చింది. గేటు తనంతట తాను తెరుచుకుని మూసుకుంది. కాసేపటికి వాళ్ళు బండి తిప్పుకుని వెళ్ళిపోయారు. మరుసటి వారం వాళ్ళు రాలేదు. ఆ నెలలో మంగతాయారు గేటు దగ్గర నిలబడటం మానేసింది. పెళ్ళైన తర్వాత మొదటిసారి మధ్యాహ్నం పూట ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

ఆరు నెలలకు ప్రభుత్వం దయ తలచింది. తిరస్కరణకు గురైనవారు తిరిగి కనపడటానికి ఒక ఫారం చాలు, గెజిటెడ్ సంతకం ఒక్కటే కావాలి, నెలాఖరు గడువు. స్రవంతి అప్పుడే సంతకం చేసి ఇచ్చింది.

"ఈసారి నేను రానమ్మా. నువ్వు కూడా నోరిప్పకు."

మంగతాయారు నోరిప్పలేదు. కాగితం పెట్టింది, డాక్టరు గారు తల ఎత్తకుండా సంతకం పెట్టి ముద్ర వేశారు. ఇంటికొచ్చి ఆ ఫారం బియ్యం డబ్బా అడుగున వేసిన పేపరు కింద పెట్టింది.

"పెట్టేరా?" అని అడిగింది ఆ సాయంత్రం కంచం ముందున్న గొంతు.

"లేరమ్మా. క్యాంపుకెళ్ళేరంట."

"రేపెళ్ళవా?"

"రేపు అమావాస్య. ఎల్లుండి చూద్దాం. పెరుగు వేసుకో."

గడువు దాటిన మర్నాడు, స్రవంతి డ్యూటీకి వెళ్ళాక, రాజ్యలక్ష్మి రిజిస్టరు పట్టుకుని వచ్చింది. మంగతాయారు ఏం చెప్పాలా అని వెతుక్కుంటుంటే ఆమే రాసేసుకుంది.

"మీదీ రాలేదు కదండి. మన వార్డులో కవరు తిరస్కరించిన పద్నాలుగు మంది ఆడపిల్లలకి ఫారాలిచ్చాను. నర్సమ్మలు, కండక్టరమ్మలు, అందరూను. ఒక్కటీ వెనక్కి రాలేదు. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట, డాక్టరు గారు క్యాంపులో ఉన్నారంట."

ఇద్దరూ వీధిలోకి చూశారు. వీధి ప్రశాంతంగా ఉంది.

రాజ్యలక్ష్మి రిజిస్టరు మూసి, సంచిలోంచి కొత్త దరఖాస్తు ఒకటి తీసి మోకాలి మీద పెట్టుకుంది.

"మా పిల్లకి మొన్న పద్దెనిమిది నిండేయండి. రెండు బస్సులు మారి కాలేజీకి వెళ్తంది. మున్సిపాలిటీ ఎన్నికలొస్తున్నాయి కదా, పోలింగు రోజు ఊళ్ళో ఉండదని రాస్తాను." గొంతు తగ్గించింది. "ఆ రోజు డాక్టరు గారితో మీరేమన్నారో, ఉన్నదున్నట్టు చెప్పరా?"

మంగతాయారు లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చుని, ఒక్క మాట పోకుండా చెప్పింది.

"అన్నిటికంటే ముఖ్యం," అంది చివర్లో, "ఆయన చేత కళ్ళజోడు పెట్టించండి. అదొక్కటీ మర్చిపోకండి."